తాత చూసిన మాంత్రికుడు, మనవరాలు ఎదురుచూస్తున్న సింహం

కడపలో ఒక యవనస్తుల కూడిక. వాక్యం చెప్పిన సోదరుడు ఆ సాయంత్రం ప్రభువు రాకడ గురించి గట్టిగా మాట్లాడాడు. విశ్వాసి ఎదురుచూడవలసింది ఒక్క రాకడ కోసమేననీ, క్రికెట్ మ్యాచుల కోసం, సినిమాల కోసం రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు నూనె లేని దివిటీలు పట్టుకున్న కన్యకల వంటివాళ్లనీ హెచ్చరించాడు. ఆమెన్ అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. కూడిక ముగిసి అందరూ టీ తాగుతుండగా, ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, నార్నియా సినిమా వస్తాదని నేను ఏండ్ల తరబడి ఎదురుచూస్తాండా. అట్ల చూడడం తప్పా?" అని అడిగింది.

సినిమా చూడొచ్చా అని అడిగే పిల్లలకు చెప్పడానికి మా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఎదురుచూడొచ్చా అని మాత్రం ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఏం చెప్పాలో తోచక "ప్రార్థన చేసుకో తల్లీ" అనేశాం. ఇలాంటి చోట మాలాంటివాళ్లం తరచూ అనే మాటే అది. పక్కన కుర్చీలో కూర్చున్న ఆ అమ్మాయి తాతగారు నవ్వారు. ఆయనకు 87 ఏళ్లు. "నన్ను గూడా చిన్నప్పుడు ఇట్లనే తప్పించినారు నాయినా. కాకపోతే మాటతో గాదు, బెత్తంతో" అన్నారు. ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. తరువాతి శనివారం వాళ్లింటికి వెళ్లాం.

నార్నియా అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. సి.ఎస్. లూయిస్ 1898లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. యవ్వనంలో దేవుడు లేడన్నాడు, తరువాత క్రీస్తును నమ్ముకున్నాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన రేడియోలో చేసిన ప్రసంగాలే తరువాత 'మియర్ క్రిస్టియానిటీ' అన్న పుస్తకమయ్యాయి. మన బైబిలు కళాశాలల్లో చదివినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. అదే మనిషి 1950 నుంచి 1956 వరకు పిల్లల కోసం ఏడు కథల పుస్తకాలు వెలువరించాడు. మాట్లాడే జంతువులుండే నార్నియా అనే లోకం, దాన్ని మంచులో బిగించిన మంత్రగత్తె, ఆ లోకాన్ని విడిపించే అస్లాన్ అనే సింహం. ఒక ద్రోహి పిల్లవాడికి బదులుగా ఆ సింహం రాతి బల్ల మీద చచ్చిపోయి, తెల్లవారేసరికి లేస్తుంది. ఆ సింహం ఎవరిని గుర్తుకు తెస్తుందో మన సండే స్కూలు పిల్లలు ఎవరైనా చెప్పగలరు.

ఈ పుస్తకాల మీద 2005, 2008, 2010లలో మూడు పెద్ద సినిమాలు వచ్చాయి. ఆ తరువాత ఆగిపోయాయి. నాలుగో సినిమా వస్తుందని కొన్నేళ్లు అన్నారు, రాలేదు. 2018లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ హక్కులు తీసుకుంది. దర్శకురాలు గ్రెటా గెర్విగ్ 'మాంత్రికుడి మేనల్లుడు' అనే పుస్తకాన్ని ఎంచుకున్నారు. 2025లో చిత్రీకరణ జరిగింది. పుస్తకాన్ని గుండెకు హత్తుకున్న వాళ్లకు ఇన్నేళ్ల నిరీక్షణ ఒకవైపు, భయం ఒకవైపు. మన సింహం మనం చదివిన సింహంలాగే ఉంటుందా? ఒక ప్రసిద్ధ నటి అస్లాన్‌కు గొంతు ఇవ్వవచ్చని 2025లో వార్తలు వచ్చినప్పుడు ప్రపంచమంతటా క్రైస్తవ పాఠకులు ఎంత గొడవపడ్డారో! సింహాన్ని యూదా గోత్రపు సింహంగా చదువుకున్నవాళ్లకు అది కేవలం నటీనటుల ఎంపిక కాదు మరి.

ఈ భయం అభిమానుల కంటే ముందు లూయిస్‌కే ఉండేది. 1959 డిసెంబరులో ఆయన బి.బి.సి. రేడియోలో పనిచేసే ఒకాయనకు ఉత్తరం రాస్తూ, తన కథలను టెలివిజన్‌లో చూపించడానికి తాను పూర్తిగా వ్యతిరేకమని చెప్పాడు. చదువుతున్నప్పుడు మనసులో నిలిచే జంతువులు తెర మీద వేషగాళ్లయిపోతాయని ఆయన బాధ. మనిషెవరో వేషం కట్టి అస్లాన్‌నని వస్తే తన దృష్టిలో అది దైవదూషణేనని కూడా రాశాడు. బొమ్మలతో తీస్తే వేరే సంగతి అన్నాడు. 1963లో ఆయన చనిపోయాడు. 1988లో బి.బి.సి. వాళ్లు బొమ్మ సింహంతో సీరియల్ తీశారు. 2005 నాటికి కంప్యూటర్ సింహం వచ్చింది. చూస్తే ఆయన ఏమనేవాడో!

ఇక తాతగారి కథ.

లూయిస్ మొదటి నార్నియా పుస్తకం 1950 అక్టోబరులో లండన్‌లో వెలువడింది. అయిదు నెలలు తిరక్కముందే, 1951 మార్చి 15న, మన 'పాతాళభైరవి' విడుదలైంది. ఆ సినిమాకు మన సీమతో ఉన్న బంధం ఈ తరానికి అంతగా తెలియదు. విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఊళ్లల్లో చదువు రానివాళ్లు కూడా చెప్పించుకుని విన్న పుస్తకం. అందులోని కథను పట్టుకుని, అల్లావుద్దీన్ అద్భుతదీపం లాంటివి కలిపి, పింగళి నాగేంద్రరావు చేత రాయించారు. తోటమాలి కొడుకు రాముడిగా ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు. 1952 జనవరిలో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాను ప్రదర్శించారు.

సినిమా రాకముందే ఆ కథను చందమామలో అచ్చువేశారు. 1947లో మొదలైన ఆ పత్రికను నడిపింది కూడా నాగిరెడ్డి, చక్రపాణులే. కథంతా ముందే చెప్పేస్తే జనం సినిమాకు ఎందుకు వస్తారని ఈనాటి వ్యాపారులు అడుగుతారు. ఆ పెద్దమనుషుల లెక్క వేరు. కథ తెలిసినవాడే ఎక్కువగా ఎదురుచూస్తాడని వాళ్లకు తెలుసు. మాంత్రికుడు చస్తాడని తెలుసు, ఎట్లా చస్తాడో చూడాలి. అదే కదా తపన.

"అప్పుడు నేను బోర్డింగులో ఉన్యా" అని తాతగారు మొదలుపెట్టారు. ఆ బడి పేరు ఇక్కడ అక్కర్లేదు. సీమలో కరువు తాండవిస్తున్న రోజులు. పల్లెల్లో గంజి కేంద్రాల ముందు జనం వరుసలు కట్టేవారట. వాళ్ల నాయన రాళ్లు కొట్టే కూలీ. రెండు పూటలా సంగటి దొరుకుతుందనే కొడుకును బోర్డింగులో చేర్చాడు. బడిలో ఒక పంతులు దగ్గర చందమామ ఉండేది. పిల్లలు దొంగతనంగా చేతులు మార్చుకుని, అట్టలు ఊడిపోయేదాకా చదివారట. "మాంత్రికుని బొమ్మ చూస్తే రాత్రిళ్లు ఉచ్చకు గూడా బయటికి పోయేటోల్లం గాదు" అని ఆయన చెబుతుంటే మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సినిమా వచ్చిన మరుసటి ఏడు ఆ ఊరికి టూరింగ్ టాకీసు డేరా దిగింది. ఎద్దుల బండికి అట్టలు కట్టి, తప్పెట కొడుతూ, కాగితాలు విసురుతూ ఊరంతా తిప్పారు. నేల టికెట్టుకు కావలసిన అణాలు ఆయన దగ్గర లేవు. వారం రోజులు సాయంత్రం పూట ఎవరి పొలంలోనో చెనక్కాయలు వలిచి సంపాదించారు. ముగ్గురు పిల్లలు గోడ దూకి పోయారు. ఇసుకలో కూర్చుని చూశారు.

ఇక్కడ ఆయన కాసేపు ఆగారు. మేం ఊహించింది వేరు, ఆయన చెప్పింది వేరు. పాటల గురించో, రామారావు గురించో చెబుతారనుకున్నాం. ఆయన తన పల్లెలోని మంత్రగాడి గురించి చెప్పారు. నిమ్మకాయలు, పసుపు బొమ్మలు, అమావాస్య పూజలు. ఎవరి బిడ్డకైనా జ్వరం వస్తే వాడి పేరే. బాప్తిస్మం తీసుకున్న తరువాత కూడా వాళ్ల నాయన ఆ మనిషి ఎదురైతే దోవ తప్పుకుని పోయేవాడట. ఆదివారం గుడిలో పాటలు పాడి వచ్చి, అమావాస్య రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకునే ఇల్లు అది.

"ఆ సినిమాలో మాంత్రికుడు రాముణ్ని బలియ్యాలని తీస్కపోతాడు గదా. చివరికి వాడే బలి అయిపాయ. మళ్లా లేస్తాడనుకో, మళ్లా ఓడిపాయ. ఎవుని చేతిలో? రాజు చేతిలో గాదు నాయినా, తోటమాలి కొడుకు చేతిలో! మా నాయన మాదిరి కష్టం చేస్కునేటోని కొడుకు. డేరాలో జనం వాన్ని చూసి నగినారు. మంత్రగాన్ని చూసి నగొచ్చని నాకు ఆ పొద్దే తెలిసింది. ఆ యేడు సెలవులకు ఊరికి పోతే వాడు ఎదురొచ్చినాడు. నేను దోవ తప్పుకోల్యా."

గోడ దూకిన సంగతి తెల్లవారి బయటపడింది. బెత్తం దెబ్బలు తిన్నారు. ఆదివారం ఆరాధనలో ముగ్గురినీ ముందు నిలబెట్టి, దయ్యాల పూజ చూడబోయిన పిల్లలని చెప్పి, సంఘం చేత వాళ్ల కోసం ప్రార్థన చేయించారు. "దెబ్బలు మానిపాయ. యాలబోయినావు, ఏం జూస్తివి అని ఒక్కరన్నా అడగల్యా. అడిగింటే చెప్పేటోన్ని, నా భయం పోయిందని. అంతకుముందు ఎన్ని ప్రసంగాలు ఇన్నా పోని భయం!" ఆ తరువాత పెద్దవాడై, పనిలో చేరి, పెళ్లి చేసుకున్నాక కూడా చాలా ఏళ్లపాటు ఆయన గుడికి వెళ్లి వెనుక బెంచీలో కూర్చునేవారు గాని ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లలేదు. భార్య బలవంతం మీద మళ్లీ వెళ్లారట. ఆ ఏళ్లు ఎవరు తిరిగి ఇస్తారు?

ఆనాటి పెద్దలను తప్పుపట్టడం మాకు సులువు. కాని న్యాయంగా చూడాలి. కడప, జమ్మలమడుగు ప్రాంతంలో లండన్ మిషన్, నంద్యాల వైపు ఎస్.పి.జి., కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు. మిషన్లు వేరైనా, అప్పటి సంఘాల్లో చాలామంది మొదటి, రెండో తరం విశ్వాసులే. మంత్రాలు, క్షుద్రపూజలు వాళ్లకు చందమామ కథ కాదు, నిన్నటిదాకా ఇంట్లో ఉన్న భయం. దాని నుంచి బయటికి వచ్చినవాళ్లు తమ పిల్లలను మళ్లీ అటు పోనివ్వకూడదనుకోవడం సహజం. పైగా కరువు రోజుల్లో అణా విలువ చిన్నది కాదు. వాళ్లు భయపడిన దానికి కారణం ఉంది. వాళ్లు చూడనిదల్లా, ఆ డేరాలో తెర మీద మాంత్రికుడు గెలవలేదన్న సంగతి. చూడకుండానే తీర్పు చెప్పారు.

మేమూ అదే చేశాం. 2000 తరువాత హ్యారీ పోటర్ పుస్తకాలు, సినిమాలు వచ్చిన రోజుల్లో ప్రసంగ వేదిక మీద నుంచి వాటిని ఖండించినవాళ్లలో మేమున్నాం. ఒక్క పుస్తకమైనా చదవలేదు. ఎవరో పంచిన కరపత్రమే మాకు ఆధారం. ఆనాడు మా ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లల్లో ఎవరు మా మాట విని, ఎవరు మనసులో నవ్వుకుని, ఎవరు తాతగారిలాగా వెనుక బెంచీకి వెళ్లిపోయారో మాకు తెలియదు. ఆ అమ్మాయి అడిగినప్పుడు మాకు జవాబు తోచకపోవడానికి కారణం ఇదేనేమో.

సినిమా మీద సంఘాల పట్టుదల 1978లో విజయచందర్ 'కరుణామయుడు'తో సడలింది. అంతకుముందు థియేటరు గడప తొక్కని అవ్వలు కూడా యేసయ్యను చూడాలని వెళ్లారు. తరువాత ఆ సినిమాను పల్లెపల్లెనా తెరలు కట్టి చూపించారు. అయితే అక్కడ మరో చిక్కు వచ్చింది. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ నటుడి ముఖమే కనిపిస్తోందని అప్పట్లో కొందరు మాతో చెప్పుకుని బాధపడ్డారు. లూయిస్ భయపడింది సరిగ్గా దీనికే.

తాతగారు లోపలికి వెళ్లి మాత్రలు వేసుకుని వచ్చేలోగా ఆ అమ్మాయిని అడిగాం. ఏడు పుస్తకాలు ఉండగా, ఈ ఒక్క సినిమా కోసం ఎందుకమ్మా ఇంత ఎదురుచూపు?

ఆమె లేచి పుస్తకం తెచ్చింది. 'మాంత్రికుడి మేనల్లుడు' కథలో డిగరీ అనే అబ్బాయి తల్లి మంచం పట్టి ఉంటుంది. ఆమె బతకదని పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం వాడు వింటాడు. మంత్రాల పిచ్చి ఉన్న మేనమామ చేసిన పని వల్ల వాడు వేరే లోకాలకు వెళ్లి, సింహం పాడుతూ ఉంటే నార్నియా పుట్టడం కళ్లారా చూస్తాడు. ఆదికాండం మొదటి అధ్యాయం చదివినవాళ్లకు ఆ ఘట్టం కొత్తగా అనిపించదు. ఆ సింహాన్ని వాడు అడుగుతాడు, మా అమ్మను బాగుచేయగలవా అని. తరువాత ఒక తోటలో వాడికి ప్రాణమిచ్చే పండు దొరుకుతుంది. దొంగిలించి తీసుకుపో, మీ అమ్మ బతుకుతుంది అని మంత్రగత్తె చెవిలో ఊదుతుంది. వాడు దొంగిలించడు. చివరికి సింహమే పండు ఇస్తుంది, తల్లి బతుకుతుంది.

లూయిస్ తల్లి 1908లో క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. బాగుచేయమని ఆ పిల్లవాడు కూడా దేవుణ్ని అడిగాడు.

ఈ అమ్మాయి తల్లి రెండేళ్ల కిందట అదే జబ్బుతో పోయింది. సంఘమంతా ఉపవాసాలు ఉండి ప్రార్థించింది. స్వస్థత వస్తుందని చెప్పినవాళ్లున్నారు, విశ్వాసం చాలలేదేమోనని పోయిన తరువాత అన్నవాళ్లూ ఉన్నారు. "నాకు పండు సీన్ ముఖ్యం కాదు అయ్యగారూ" అంది ఆమె. "డిగరీ అడిగినప్పుడు అస్లాన్ వెంటనే ఏం చెప్పడు. వాడు తలెత్తి చూస్తే, సింహం కండ్లల్లో వాని కండ్లల్లో కంటే పెద్ద నీళ్లు ఉంటాయి. మా అమ్మ పోయినప్పుడు నాకు అందరూ వాక్యాలు చెప్పినారు. నాతోపాటు ఏడిచినోళ్లు తక్కువ. ఆ నీళ్లు సినిమాలో పెడతారా, తీసేస్తారా? నేను ఎదురుచూసేది దానికి."

లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు విడిచిన అధ్యాయం మీద మేం ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. కాసేపటి తరువాత నిదానంగా, తప్పు కాదమ్మా, ఎదురుచూడు అన్నాం. కూడికలో ఆ సోదరుడు చెప్పిన దివిటీలో నూనె ఈ అమ్మాయి దగ్గర మాకంటే ఎక్కువే ఉందనిపించింది. సినిమాలో ఆ నీళ్లు లేకపోతే ఏం చేస్తావని అడిగాం. "పుస్తకంలో ఉన్నాయి గదా. అవి ఎవరూ తీయలేరు" అంది.

ఇప్పుడు ఆ ఇంట్లో శనివారం సాయంత్రాలు పుస్తకం చదువుతున్నారు. ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాన్నే తెలుగులో చెబుతుంది. తాతగారు కళ్లు మూసుకుని వింటారు. మొన్న మేం వెళ్లేసరికి మేనమామ మాయ ఉంగరం ఇచ్చి, తాను పోకుండా పక్కింటి చిన్నపిల్లను వేరే లోకానికి పంపించిన ఘట్టం గురించి మాట్లాడుకుంటున్నారు. తాతగారికి ఇంకా కోపం తగ్గలేదు. "వీడు మన నేపాళ మాంత్రికుడే నాయినా! వానికీ అంతే, తన కోరిక తీరనీకె ఊరోళ్ల బిడ్డలు గావల్ల. ఇంగ్లండులో గూడా ఇట్లాంటోల్లు ఉంటారా?" అన్నారు. ఉంటారన్నాం. "అయితే వీడు గూడా ఓడిపోతాడు" అని ఆయన తేల్చేశారు. చందమామ చదివిన పిల్లవాడికి కథలు ఎటు పోతాయో తెలుసు.

పుస్తకంలో పదిహేను అధ్యాయాలున్నాయి. మేం బయలుదేరేటప్పటికి పదకొండు అయ్యాయి. సింహం కళ్ల సంగతి పన్నెండో అధ్యాయం మొదట్లోనే వస్తుంది. మేం చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి గేటు దాకా వచ్చి, తాతకు ఆ సంగతి ముందే చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకుంది.